ఏమీ చేయని మనిషి మోకాలు

"ఏమీ చేయదండీ. ఇంట్లోనే ఉంటుంది."

డాక్టరు అడిగింది ఆమెను, జవాబు చెప్పింది ఆమె భర్త, మాస్టారు. అందులో వింతేమీ లేదు. పెళ్లయిన ఈ ముప్పై నాలుగేళ్లలో ఆమెను ఎవరు ఏమడిగినా జవాబు ఆయన నోట్లోనే తయారుగా ఉండేది. ఆమెకు ఏ రంగు ఇష్టమో, ఆమెకు చలేస్తోందో లేదో, ఆఖరికి చెప్పుల కొట్టువాడు పాదం సైజు అడిగినా ఆయనే చెప్పేవాడు. ఎప్పుడూ ఒక సైజు తక్కువే చెప్పేవాడు. ఆమె ఆ చెప్పుల్లోనే నడిచేది. నాలుగు రోజులకి తోలు సాగేది, పాదం సర్దుకునేది, ఆయన మాట నిజమైపోయేది.

అయితే ఆ రోజు జరిగిన తప్పు ఆయన ఒక్కడిదే అంటే ఆమే ఒప్పుకోదు. డాక్టరు చిన్న వయసువాడు, మర్యాదస్తుడు. మాస్టారి జవాబు విన్నాక కూడా ఆమె వైపు తిరిగి మళ్లీ అడిగాడు. మెట్లెక్కడం, బరువులు మోయడం, కింద కూర్చుని లేవడం, అలాంటివేమీ పెద్దగా ఉండవు కదా అమ్మా అన్నాడు. ఆమె తల ఊపింది. ఎందుకు ఊపిందంటే, భర్త పక్క కుర్చీలో ఉన్నాడు, బయట బెంచీల మీద ఇంకా పన్నెండు మంది ఉన్నారు, ఆమె తల ఇన్నేళ్లుగా అలా ఊగడానికే అలవాటుపడింది. బల్ల చివర కూర్చున్న ఫిజియోథెరపీ అమ్మాయి కాగితం మీద 'శ్రమ' అన్న చోట 'తక్కువ' అని రాసింది.

డాక్టరు బల్ల మీద ప్లాస్టిక్ మోకాలు ఒకటి ఉంది. దాన్ని అటూ ఇటూ వంచుతూ స్కానింగులో కనబడింది వివరించాడు. రెండు ఎముకల మధ్య దిండులా మెత్తటి గుజ్జు ఉంటుందట. ఆమెకు అది మొదలంటా, ఎముకని పట్టుకుని ఉండే చోట ఊడిపోయిందట. ఎముక మాత్రం ఇంకా బాగానే ఉంది, కీలు మార్పించుకునేంత ముదరలేదు. చేయగలిగినవి రెండు. మొదటిది, చిన్న రంధ్రంలోంచి కెమెరా పెట్టి ఊడిన ముక్కని కోసి తీసేసి శుభ్రం చేయడం. మూడో రోజుకి నడుస్తారు, నొప్పి కొన్నాళ్లు తగ్గుతుంది. కానీ దిండు పోయినట్టే కనక ఎముకలు రాసుకుంటాయి, వాడకం ఎక్కువైతే రెండు మూడేళ్లలో కీలు మొత్తం పోతుంది. రెండోది, ఊడిన గుజ్జుని లాగి మళ్లీ ఎముకకి కుట్టేయడం. అతికితే మోకాలు నిలబడుతుంది. కాకపోతే ఆరు వారాలు ఆ కాలు నేల మీద మోపకూడదు.

"అరవై దాటితే కుట్టు వేయకూడదని ఏం లేదు" అన్నాడు డాక్టరు. "మేం వయసు కంటే వాడకాన్ని చూస్తాం. రోజంతా కాళ్ల మీద ఉండేవాళ్లకి కుట్టే మంచిది. ఇంటిపట్టున ఉండేవారైతే ఆ ఆరు వారాల అవస్థ ఎందుకు, శుభ్రం చేస్తే సరిపోతుంది."

"శుభ్రం చేసెయ్యండి" అన్నాడు మాస్టారు, గోడకి సున్నం కొట్టించే మనిషి అన్నంత తేలిగ్గా. పై శుక్రవారానికి తేదీ రాశారు.

ఆమె ఏమీ చేయకుండా ఉండే ఆ ఇల్లు ఎలాంటిదో చెప్పాలి. కింద బైండింగు షాపు, పైన కాపురం, మధ్యలో పద్దెనిమిది మెట్లు. మెట్లకి ఒక పక్కే గోడ, రెండో పక్క పట్టుకోవడానికి ఏమీ లేదు. పొద్దున వంట ముగించి ఆమె కిందికి దిగుతుంది. అచ్చయి వచ్చిన పెద్ద కాగితాల్ని ఫారాలుగా మడుస్తుంది, మడిచినవి వరసగా పేరుస్తుంది, వైరు మిషను ముందు స్టూలు మీద కూర్చుని కుడికాలితో పెడలు నొక్కుతుంది. ఒక్కో నొక్కుకి ఒక్కో కుట్టు. జిగురు కాయడానికి పైకి ఎక్కుతుంది, ఎందుకంటే పొయ్యి పైన ఉంది. కాగిన జిగురు గిన్నె పట్టుకుని దిగుతుంది, ఎందుకంటే పుస్తకాలు కింద ఉన్నాయి. అట్టలు అంటించిన పుస్తకాలు దొంతరలుగా ఎత్తుకుని డాబా మీద ఆరబెట్టడానికి మళ్లీ ఎక్కుతుంది. మబ్బు పడితే పరుగున వెళ్లి దించుతుంది. మధ్యలో మాస్టారికి టీ, పని ఇచ్చే పార్టీ ఎవరైనా వస్తే వాళ్లకీ టీ, ఆ కప్పులు పైకి, కడిగిన కప్పులు కిందికి. గానుగెద్దుకైనా చదునైన నేల ఉంటుంది.

మాస్టారు ఏం చేస్తాడంటే, కౌంటరు వెనక కూర్చుని పార్టీలతో మాట్లాడతాడు. అట్టల మీద బంగారు అక్షరాలు దిద్దుతాడు. అందులో ఆయన చేయి గొప్పదే, కాదనడానికి లేదు. ఊళ్లో ఉన్న లాయర్లకీ కాలేజీ వాళ్లకీ అందరికీ ఆ అక్షరాలు తెలుసు. లోపల ఎన్ని వందల కుట్లున్నా పుస్తకం చేతిలోకి తీసుకున్నవాడు చూసేది అట్టనే కదా. మిషను దగ్గర ఆమెను చూసి ఎవరైనా అమ్మగారు కూడా ఇక్కడే ఉంటారా అని అడిగితే, మాస్టారు నవ్వి, పైన ఒక్కతే ఉంటే తోచదు, ఊరికే తోడుగా వచ్చి కూర్చుంటుంది అనేవాడు. అత్తగారు బతికున్న రోజుల్లో ఆవిడది ఇంకో మాట. కాలు ఊపుకుంటూ కూర్చోవడం కూడా ఒక పనేనా అనేది. అప్పట్లో ఆ మాటకి ఆమె నవ్వేది. నవ్వకపోతే మొహం మాడ్చుకుందంటారు.

మూడు నెలల కిందట ఒక మధ్యాహ్నం ఆ మోకాలు పోయింది. బడి రిజిస్టర్ల దొంతర గడ్డం దాకా ఎత్తుకుని ఎక్కుతోంది. పదకొండో మెట్టు మీద మోకాలి వెనక టప్‌మని చప్పుడైంది. బయటి చప్పుడు కాదు, లోపలిది. ఒక్క క్షణం కాలు ఉందో లేదో తెలియలేదు. ఆ స్థితిలో కూడా ఆమె చేసిన మొదటి పని, గోడకి ఆనుకుని గడ్డంతో రిజిస్టర్లని అదిమిపట్టడం. అట్టలు ఇంకా పచ్చిగా ఉన్నాయి, పడితే మూలలు నలుగుతాయి. కిందినుంచి మాస్టారు "ఏమైంది?" అన్నాడు. కాలు పట్టేసింది అంది. "పుస్తకాలు జాగ్రత్త" అన్నాడు.

మాస్టారి మోకాలి కథ కూడా చెప్పుకోవాలి. నాలుగేళ్ల కిందట క్యాలెండరు తగిలించబోయి స్టూలు మీదనుంచి జారిపడితే ఆయన మోకాల్లో కూడా ఇదే గుజ్జు ఇలాగే ఊడింది. అప్పుడు ఆయనకి అరవై రెండు. అదే ఆస్పత్రి. డాక్టరు వేరు, పెద్దాయన, తర్వాత రిటైరయ్యాడు. ఆమె అప్పుడు షాపులో ఉండిపోయింది, కొడుకు వెంట వెళ్లాడు. ఆయనకి కుట్టే వేశారు. ఎందుకు వేశారని ఆమె అడగలేదు. మగవాడి మోకాలు కాబట్టి వేసి ఉంటారనుకుంది.

ఆ ఆరు వారాలు ఆయన పైన మంచం మీద పడుకున్నాడు. ఆస్పత్రివాళ్లు ఇచ్చిన చంకకర్రలు మంచం పక్కన ఉండేవి. వాటితో ఆయన నడిచింది తక్కువ, నేల మీద కొట్టింది ఎక్కువ. రెండు దెబ్బలు కొడితే కింద షాపు కప్పు దడదడలాడేది. ఆమె పెడలు మీంచి కాలు తీసి పద్దెనిమిది మెట్లు ఎక్కేది. మంచినీళ్లు. మళ్లీ రెండు దెబ్బలు. ఫ్యాను తగ్గించు. మళ్లీ రెండు దెబ్బలు. ఊరికే, ఏం చేస్తున్నావో చూద్దామని. ఆయన్ని తుడిచింది, పక్కలు మార్చింది, ఫిజియోథెరపీ వాళ్లు చెప్పిన లెక్కన కాలు వంచి చాపించింది, మిగతా వేళల్లో షాపు మొత్తం నడిపింది. ఒక్క ఆర్డరూ ఆలస్యం కాలేదు. చూడటానికి వచ్చినవాళ్లు పళ్లు తెచ్చి మంచం పక్కన కూర్చుని, పాపం మాస్టారు, మీరు పడుకుంటే షాపు ఏమైపోతుందో అని వాపోయేవాళ్లు. ఆమె వాళ్లకి టీ తెచ్చేది. ఆరు వారాలు కదలకుండా ఎంత ఓర్పుగా పడుకున్నాడో అని బంధువుల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పడుకోవడానికి కూడా మెచ్చుకోలు దొరుకుతుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

ఆస్పత్రి నుంచి వచ్చిన సాయంత్రం ఇంట్లో అందరూ ఆమె మోకాలి గురించి మాట్లాడుకున్నారు. ఆలికి అన్నం పెట్టి ఊరంతా చాటుకున్నట్టు, తాను ఆ పూట షాపు మూసి మరీ ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్లానని మాస్టారు మూడుసార్లు చెప్పాడు. కొడుకు ఫోన్లోంచి తలెత్తి, చిన్న ఆపరేషనే మంచిదమ్మా, త్వరగా లేస్తావు అన్నాడు. ఆడపడుచు ఫోన్ చేసి త్వరగా లేస్తావులే వదినా అంది. త్వరగా లేవాలని దీవించేవాళ్లే అందరూ. లేచి ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కాబట్టి.

కోడలు ఒక్కతే వేరేగా మాట్లాడింది. గిన్నెలు తుడుస్తూ, గొంతు తగ్గించి చెప్పింది. "అత్తయ్యా, నేను చెడ్డదాన్నైనా సరే చెప్పేస్తున్నా. కుట్టే మంచిదని నాకూ తెలుసు. కానీ మీరు ఆరు వారాలు మంచం మీద ఉంటే ఆ పనంతా నా మెడకే చుట్టుకుంటుంది. మామయ్య చేయరు. మీ అబ్బాయి చేయడు. నాకు ఆఫీసులో సెలవు లేదు."

ఆమెకు కోపం రాలేదు. నిజానికి కొంచెం ఊరట అనిపించింది. ఆ ఇంట్లో పని ఉందని, అది ఎవరో ఒకరి మెడకి చుట్టుకుంటుందని పైకి అన్న మొదటి మనిషి కోడలు. "నువ్వన్నది నిజమే తల్లీ" అంది. ఇద్దరూ కలిసి తుడిచిన గిన్నెలు అరలో సర్దారు.

మర్నాడు మిషను దగ్గర కూర్చుందే గాని ఆమె చేతులు ఆగిపోతున్నాయి. కుడికాలు నొప్పెడుతోందని ఎడమకాలితో నొక్కబోతే కుట్లు వంకరపోతున్నాయి. ఎదురుగా బల్ల మీద లైబ్రరీ వాళ్లు పంపిన లావుపాటి నిఘంటువు ఉంది. వెన్ను దగ్గర కుట్టు తెగి ఫారాలు వేలాడుతున్నాయి. ఇలాంటి పుస్తకానికి ఏం చేయాలో ఆమెకు ఏ డాక్టరూ చెప్పక్కర్లేదు. వెన్ను కోసేసి, జిగురు పూసి, అట్ట అంటించి ఇవ్వొచ్చు. చూడటానికి బాగానే ఉంటుంది, మూడు రోజుల్లో పనైపోతుంది. బీరువాలో ఉండే పుస్తకానికి అది చాలు. కానీ రోజూ పదిమంది తీసే పుస్తకానికి అలా చేస్తే ఏడాది తిరక్కుండా పేజీలు చేతికొస్తాయి. అలాంటిదాన్ని ఫారం ఫారం విప్పి సూదితో మళ్లీ కుట్టాలి, బరువు కింద పెట్టి ఆరేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. తీసుకునేటప్పుడు ఆమె లైబ్రరీ మనిషిని అడిగే మొదటి మాట కూడా అదే: ఇది బీరువాలో ఉండేదా, చదివేదా?

తెచ్చినవాళ్లు తప్పుగా చెబితే కాదనడానికి పుస్తకానికి నోరుండదు. తనకి నోరుంది. ఉండి తల ఊపింది.

ఆ మధ్యాహ్నం మాస్టారు కేకేసి చెప్పాడు, అటక మీద నా చంకకర్రలు, మోకాలి పట్టీ ఉన్నాయి, దించి తుడుచుకో, కొత్తవి కొనక్కర్లేదు అని. ఆమె స్టూలు ఎక్కలేదు. కోడలికి ఆ రోజు ఆఫీసు లేదు, ఇంట్లోనే ఉంది, ఎక్కి దించింది. కర్రల చివర రబ్బరు ముక్కలు ఒక పక్కకి అరిగి ఉన్నాయి. పట్టీ పెట్టిన సంచీలో మాస్టారి ఆస్పత్రి కాగితాలున్నాయి. వరండాలో వెలుగు బాగుంది కదా అని ఆమె వాటిని ఒళ్లో పెట్టుకుని తిరగేసింది. మూడో కాగితం ముందురోజు ఫిజియోథెరపీ అమ్మాయి నింపినలాంటిదే. అదే ప్రశ్నలు. పైన మాస్టారి పేరు.

వృత్తి: బైండింగు షాపు. శ్రమ: చాలా ఎక్కువ. రోజూ మెట్లు ఎక్కి దిగడం: పద్దెనిమిది మెట్లు, నలభై సార్లు. కాలితో నొక్కే మిషను: ఆరు గంటలు. బరువులు మోయడం: పుస్తకాల దొంతరలు, డాబా వరకు. వంగడం, కింద కూర్చుని లేవడం: తరచుగా. కింద పాత డాక్టరు రాత: ఈ స్థాయి శ్రమ ఉన్న మనిషికి కుట్టు తప్పనిసరి.

ఆమె రెండుసార్లు చదివింది. మొదటిసారి చదివినప్పుడు ఎవరో తనని దగ్గరుండి చూసి రాసినట్టనిపించి, తెలియకుండానే కళ్లు చెమర్చాయి. నలభై సార్లని ఆమె కూడా ఎప్పుడూ అనుకోలేదు. ఎవరో లెక్కపెట్టారు. ముప్పై ఏళ్లలో ఎవరూ చూడలేదనుకున్నది కౌంటరు వెనక కూర్చుని ఆయన చూస్తూనే ఉన్నాడు, ఎన్నిసార్లు ఎక్కిందో, ఎంత మోసిందో, ఎన్ని గంటలు నొక్కిందో ఆయనకి బాగా తెలుసు. రెండోసారి చదివినప్పుడు పైన పేరు చూసింది. సొమ్మొకడిది సోకొకడిది అంటారు. ఇక్కడ అరుగుదల ఒకరిది, కుట్టు ఇంకొకరిది.

పక్కన నిలబడి కోడలు కూడా చదివింది. "ఇందులో ఉన్నది మీరే కదా అత్తయ్యా" అంది.

ఆమె కాగితం పట్టుకుని మెట్లు దిగింది, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ కలిపి పెడుతూ. కౌంటరు మీద ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చదివాడు. దొరికిపోయిన కంగారు మొహంలో కనబడుతుందేమోనని ఆమె చూసింది. కనబడలేదు.

"అవును, నాదే. ఎక్కడ దొరికింది?"

"పెడలు తొక్కేది మీరా?"

"ఎవరు తొక్కితే ఏం? షాపులో ఏం పని ఉంటుందని అడిగారు, చెప్పాను. షాపు నాదేగా. షాపులో పని నా పని కాదా?"

"మరి నిన్న నా గురించి అడిగితే ఏమీ చేయదన్నారు."

"అది నీ పని గురించి అడిగింది" అన్నాడాయన, చిన్నపిల్లకి ఎక్కం చెప్పినంత ఓపిగ్గా. "నీకు ఉద్యోగం ఏముంది?"

ఆయన అబద్ధం ఆడి ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది. అబద్ధమాడిన మనిషికి నిజం ఒకటి ఎక్కడో తెలిసి ఉంటుంది, ఎప్పుడో ఒకప్పుడు సిగ్గుపడతాడు. ఈయన నమ్మాడు. ఆమె కాలు, ఆమె మెట్లు, ఆమె ఆరు గంటలు తన షాపులో బల్లలాగా కటింగు మిషనులాగా తనవే అని మనస్ఫూర్తిగా నమ్మాడు. బల్ల కోడు విరిగితే మేకు కొట్టిస్తాడు గాని ఆరు వారాలు పడుకోబెడతాడా. అత్తగారి మాటలకి, పార్టీల నవ్వులకి, ఒక సైజు తక్కువ చెప్పులకి రాని కోపం అప్పుడు వచ్చింది. వచ్చి, అరుపుగా బయటికి పోకుండా, లోపలే కుదురుగా కూర్చుంది. ఆమె కాగితం నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుంది.

మర్నాడు పొద్దున వంట చేసింది, మిషను దగ్గరికి మాత్రం వెళ్లలేదు. చెప్పులు వేసుకుని షాపులోంచే బయటికి నడిచింది. ఎక్కడికని అడిగాడు మాస్టారు. ఆస్పత్రికి, కాగితం ఒకటి తప్పు ఫైల్లో పడింది, ఇచ్చి వస్తాను అంది. సరే, వచ్చేటప్పుడు దారపు ఉండలు రెండు తీసుకురా అన్నాడాయన, తల ఎత్తకుండా.

బస్సు మెట్లు ఎక్కడానికి కండక్టరు చేయి అందించాడు. ఆస్పత్రిలో రెండు గంటలు బెంచీ మీద కూర్చుంది. తన వంతు వచ్చాక లోపలికి వెళ్లి, డాక్టరు ముందు కాగితం విప్పి పెట్టింది. ఫిజియోథెరపీ అమ్మాయి కూడా అక్కడే ఉంది.

"ఇది మీ వారి కాగితం కదమ్మా" అన్నాడు డాక్టరు.

"పేరు ఆయనది. లోపల ఉన్న మోకాలు నాది."

డాక్టరుకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఆమె ఒక్కొక్కటిగా చెప్పింది. పెడలు ఎన్ని గంటలు, ఏ కాలితో. జిగురు పొయ్యి ఎక్కడ, పుస్తకాలు ఎక్కడ. పదకొండో మెట్టు మీద వినబడిన చప్పుడు. మొదట్లో వేళ్లు మడిచి లెక్కపెట్టింది, డాబా దాకా వచ్చేసరికి వేళ్లు చాలలేదు. తన పనిని తన నోటితో వరసగా చెప్పడం ఆమెకు అదే మొదటిసారి. చెబుతుంటే అది చాలా ఉందని తనకే తెలిసి ఆశ్చర్యపోయింది.

"మరి ఆ రోజు నేను అడిగితే తల ఊపారే" అన్నాడు డాక్టరు. నిష్ఠూరంగా కాదు, ఇబ్బందిగా అన్నాడు.

"ఊపానండీ. అలవాటు."

డాక్టరు స్కానింగు బొమ్మని మళ్లీ వెలుతురులో పెట్టి చూశాడు. పాత కాగితం ఇంకోసారి చదివాడు. తర్వాత, ఈసారి ఆమెతోనే మాట్లాడాడు. కుట్టు వేస్తానన్నాడు. నూటికి నూరుపాళ్లు అతుకుతుందని మాట ఇవ్వలేనన్నాడు. తన చేతిలో ఉన్న ఆపరేషను సగమేనని, మిగతా సగం ఆ తర్వాతి ఆరు వారాలదని చెప్పాడు. ఒక్కసారి ఆ కాలు మోపి మెట్టు దిగినా కుట్టు ఊడుతుంది, వంటింట్లో నిలబడినా ఊడుతుంది. "పక్కనుండి చూసుకునే మనిషి ఎవరో ఫారంలో రాసి సంతకం పెట్టాలి. ఆ మనిషి లేకపోతే నేను ముట్టుకోను" అన్నాడు.

ఫిజియోథెరపీ అమ్మాయి కొత్త ఫారం తీసింది. శ్రమ అన్న చోట 'చాలా ఎక్కువ' అని రాసింది. మెట్లు, పెడలు, బరువులు రాసింది. పేజీ తిప్పి, చూసుకునే మనిషి అన్న చోటికి వచ్చి, తల ఎత్తకుండానే అడిగింది. "కూతురా, కోడలా?"

ఆమెకు గిన్నెలు తుడుస్తూ గొంతు తగ్గించి మాట్లాడిన కోడలు గుర్తొచ్చింది. కోడలని రాయిస్తే ఎవరూ కాదనరు. కోడలు ఏడుస్తూనైనా చేస్తుంది. ఇంకో ముప్పై ఏళ్లకి దాని మోకాలు ఏ మెట్టు మీదో టప్‌మంటుంది, ఎవరో పుస్తకాలు జాగ్రత్త అంటారు.

"భర్త" అంది.

అమ్మాయి కలం ఆగింది. "పైన మీరు, కింద షాపులో ఆయన కదండీ. అవసరమైతే ఎలా పిలుస్తారు?"

"కర్రలున్నాయమ్మా. రెండు దెబ్బలు కొడితే పైకి రావాలని మా ఇంట్లో ఎవరికి తెలియకపోయినా ఆయనకి తెలుసు."

"అది కాదండీ" అంది అమ్మాయి, డాక్టరు వైపు ఒకసారి చూసి. "ఆరు వారాలంటే మాటలు కాదు. లేపాలి, తుడవాలి, వంట చూసుకోవాలి. మగవాళ్లకి వాళ్ల పనులుంటాయి, తర్వాత కుదరలేదంటారు. ఇంతకీ షాపులో ఆయన ఏం చేస్తుంటారు?"

ఆమె కుర్చీలో వెనక్కి జారగిలబడి, నొప్పిగా ఉన్న కాలుని మెల్లగా ముందుకి చాపుకుంది.

"ఏమీ చేయరమ్మా. ఊరికే తోడుగా కూర్చుంటారు. అలాగే రాయండి."